స్పష్టమైన కంఠం

నోరు మెదపొద్దు, గుసగుస కూడా పనికిరాదు, అరిచినదానికంటే గుసగుసలాడితేనే గొంతుకి ఎక్కువ దెబ్బ, లోపలికి పిలిచేదాకా నువ్వో రాయివనుకో అని చెప్పింది గొంతు డాక్టరమ్మ. అందుకని ఆ పరాయి దేశంలో, విద్యాశాఖ ఆఫీసు వరండాలో ఇనప బెంచీ మీద ఆ లెక్కల టీచరు రాయిలాగే కూర్చుంది. రాయికి ఆలోచనలుండవు, ఆ సుఖం మాత్రం ఈమెకి దక్కలేదు. మాట్లాడి వారం దాటింది. నోట్లోంచి పోవాల్సిన మాటలన్నీ దారి మూసుకుపోయేసరికి వెనక్కి తిరిగి తలలోకెక్కాయి, సీట్లు చాలని బస్సులో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టు కూర్చున్నాయి, ఒకటి లేస్తే నాలుగు లేస్తున్నాయి. ఎదురుగా గోడ. సగం దాకా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, పైన సున్నం, ఆ రెండూ కలిసే చోట ఎన్ని తలలు ఆనాయో ఏమో ఒక జిడ్డు చార. చారకి పైన అద్దాల చట్రంలో, ఒకవైపు ఆ దేశపు భాషలో, ఇంకోవైపు ఇంగ్లీషులో, ప్రభుత్వ బడుల్లో పాఠం చెప్పే విదేశీయులకు ఉండవలసిన అర్హతలు. చెప్పే సబ్జెక్టులోనే డిగ్రీ ఉండాలి. ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో పూర్తికాలం కూర్చుని చదివి ఉండాలి. బడిలో పనిచేసిన అనుభవం ఉండాలి. పోలీసు కేసు ఉండకూడదు, అంటురోగం ఉండకూడదు. ఇవన్నీ పాతవే. కింద, అద్దానికి బయట, ఈ మధ్యే అతికించిన కాగితం ముక్క ఉంది, జిగురు ఇంకా ఉబ్బెత్తుగా ఉంది. స్పష్టమైన కంఠం ఉండాలి. ఇదివరకు ఆమోదం పొందినవారు కూడా పరీక్షకుల ముందు చదివి, పాఠం చెప్పి నిరూపించుకోవాలి. అనుమానం కలిగిన పక్షంలో పాత ఫైళ్లు తిరిగి పరిశీలించబడును.

కంఠం. ఆ మాట చూసిన ప్రతిసారీ ఆమె చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్తోంది. ఆ దేశంలో లెక్కలు చెప్పే మనుషులు చాలక విమానం టికెట్లు పంపి మరీ పిలిపించుకున్నారు. పిలిచినన్నాళ్లూ రండి రండి అన్నారు, వచ్చి పిల్లల్ని బడిలో వేసి గిన్నెలు కొనుక్కున్నాక గుమ్మంలో నిలబెట్టి పళ్లు లెక్కపెడుతున్నారు. సంతలో ఎద్దు నయం, నోరు తెరిస్తే చాలు, తెరిచిన నోటితో భిన్నాలు చెప్పమని ఎద్దునెవడూ అడగడు. ఆ దేశం టీచర్లకి ఈ పరీక్ష లేదు. ఆమె బడిలో ఆ దేశం ఆవిడ ఒకతి ముక్కుతో మాట్లాడుతుంది, ఇంకొకాయన మాట్లాడితే పీపాలో రాళ్లు దొర్లినట్టుంటుంది, వాళ్ల కంఠాల జోలికి ఎవడూ పోడు. కంఠాలు పరాయివాళ్లకే ఉంటాయి కాబోలు. మైకు పెట్టించండి, కాలర్‌కి తగిలించుకునేది, చిన్నది చాలు అని ఆమె నిరుడు ప్రిన్సిపాల్ని అడిగింది. ఆ పెద్దమనిషి నవ్వుతూనే, మైకు కావాలంటే వైద్యుల బోర్డుకి రాయాలమ్మా, వాళ్లు నీ ఫిట్‌నెస్ చూస్తారు అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆమె మైకు ఊసెత్తలేదు. సెలవు చీటీలో కూడా జ్వరం అనే రాసింది. జ్వరానికి ఎక్కడైనా మర్యాద ఉంది.

గొంతులో రెండు తంతువులుంటాయట, వాటి మీద చెరో కాయ కాసిందట. డాక్టరమ్మ కంప్యూటర్ తెర మీద చూపించింది, గులాబీ రంగు పొర, మధ్యలో ఎదురూ బొదురూ రెండు తెల్లటి గింజలు. పార పట్టినవాడి అరచేతిలో కాస్తుందే, అదే ఇది, అంది. అనుభవం అని గోడ మీద రాశారే, ఆ అనుభవమే ఇలా కాసింది. ఆమె మొదట చేరిన బడిలో ఒకే హాలు, ఒకే రేకుల కప్పు, మధ్యలో గోడ కట్టడానికి డబ్బు మంజూరు కాలేదని రెండు నల్లబల్లలు వీపులు ఆనించి నిలబెట్టారు. ఇటు డెబ్బై మందికి ఆమె లెక్కలు, అటు డెబ్బై మందికి ఇంకొకావిడ చరిత్ర. ఇటు భాగహారం చెప్తుంటే అటు రాజులు చచ్చిపోతూ ఉండేవారు. ఆవిడ గొంతు పెంచితే ఈమె పెంచాలి, ఈమె పెంచితే ఆవిడ పెంచాలి, వాన పడితే ఇద్దరూ కలిసి వానమీద అరవాలి. సాయంత్రం గేటు దగ్గర ఇద్దరూ నవ్వుకుని, ఇవాళ నీ రాజులు గెలిచారే అని ఈమె అంటే, రేపు నీ శేషం చూస్తాలే అనేది ఆవిడ. అలా ఏళ్లూ పూళ్లూ అరిచి సంపాదించిందే అనుభవం. ఆ అనుభవం చూసి ఉద్యోగం ఇచ్చారు, ఆ అనుభవం మిగిల్చిన గొంతు చూసి పీకేస్తామంటున్నారు. చేతికి కాయ కాస్తే కష్టజీవి, గొంతుకి కాస్తే అనర్హురాలు. ఇదెక్కడి లెక్క అని అడగాలని ఉంది. అడగడానికి గొంతేదీ? ఉన్న కాస్తా దాచుకోమంది డాక్టరమ్మ. పూర్తిగా విశ్రాంతి ఇస్తే పరీక్ష గట్టెక్కేంత రావచ్చు, ముందే వాడేశావో లోపల గాలి తప్ప ఏమీ రాదు, ఆపరేషన్ సంగతి తరవాత మాట్లాడదాం అంది.

వారం నుంచి ఇల్లు ఇల్లులా లేదు. మొగుడు మొదటి రోజు హాస్యమాడాడు, "పెళ్లయిన ఇన్నేళ్లకి ఈ ఇంట్లో నా మాట చెల్లుతోందోయ్, పక్కింటివాళ్లకి కూడా చెప్పొస్తానుండు" అని. రెండో రోజు నుంచి హాస్యం మానేశాడు. అతని వీసా మీద ఒక ముద్ర ఉంది, భార్య మీద ఆధారపడినవాడు, పని చేయరాదు అని. సొంతగడ్డ మీద ఇరవై మందిని చేతికింద పెట్టుకుని ప్రెస్సు నడిపిన మనిషి, ఇక్కడ బట్టలు ఇస్త్రీ చేసి, అన్నం వండి, కూతురికి టిఫిను డబ్బా కట్టి, మధ్యాహ్నాలు కిటికీ దగ్గర నిలబడతాడు. నిన్న ఆమె బట్టలు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "ఏమైనా సరే, పిల్ల పరీక్షలయ్యేదాకా..." అని మొదలెట్టి మింగేశాడు. కూతురిది ఆఖరి ఏడు. ప్రభుత్వ టీచరు బిడ్డ కాబట్టి ఆ బడిలో సీటు, తల్లి ఉద్యోగం ఊడితే ఆ సీటూ ఊడుతుంది, మధ్యలో లేచొచ్చిన పిల్లని ఏ దేశం బడీ ఆఖరి ఏడులో చేర్చుకోదు. ఏడాదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ పిల్ల మాత్రం, "అమ్మా, నువ్వు తిట్టకపోతే ఏం తోచట్లేదే, కనీసం కళ్లెర్ర చెయ్యి" అంది పొద్దున జడ వేయించుకుంటూ. ఈమె కళ్లెర్ర చేసింది, పిల్ల నవ్వింది, అద్దంలో ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని నిండు చెంబులా తొణక్కుండా మోసుకొచ్చింది ఈ బెంచీ దాకా.

"ఏమ్మా లెక్కల చెల్లెమ్మా! వచ్చేశావా? ఆగాగు, నోరు తెరవకు, నాకు తెలుసు, మీ ఆయన చెప్పాడు." బెంచీ ఊగింది. సైన్సు మాస్టారు. చంకలో లావుపాటి ఫైలు, దానికి షూ లేసుతో కట్టు. కూర్చోవడమే ఊరేగింపులా కూర్చుంటాడు ఆయన, ముందు ఫైలు, తరవాత నీళ్ల సీసా, తరవాత తను. "నువ్వు మాట్లాడొద్దు, కనురెప్పలు కొట్టు చాలు. ఒకసారి కొడితే ఔనని, రెండుసార్లు కొడితే ముసలాడా నోర్ముయ్ అని." ఆమె రెండుసార్లు కొట్టింది. ఆయన బెంచీ అదిరేలా నవ్వాడు, పక్కన కూర్చున్న వేరే దేశం టీచర్లు తలలు తిప్పి చూశారు. ఆమెకి ఏడుపొచ్చేంత హాయిగా అనిపించింది. ఈ మనిషి ఇక్కడికి వచ్చి రెండేళ్లు కాలేదు, వచ్చేముందు అక్కడి సర్కారు ఉద్యోగానికి రాజీనామా పడేసి మరీ వచ్చాడు, అక్కడ ఆయన కుర్చీలో ఈపాటికి ఎవరో కూర్చుని ఉంటారు, ఈ వయసులో ఆయనకి ఇంకో కుర్చీ ఎవరూ వెయ్యరు. ఆ దేశపు భాష ఒక్క ముక్క రాదు. కూరగాయల కొట్టులో కూడా వేళ్లతో, కళ్లతో, ఆఖరికి పాటతో బేరమాడతాడు. ఆమెకి ఎనిమిదేళ్ల బట్టి ఇక్కడ ఉండీ ఉండీ వచ్చేసింది ఆ భాష, కలలో కూడా వస్తుంది.

ఆయన ఇక్కడి పరిచయం కాదు. ఇద్దరిదీ ఒకే బడి, శిక్షణ కాలేజీలో ఒకే బ్యాచి. ఆయన అప్పటికే ఆ బడిలో పాతకాపు, ఈమె కొత్త. సర్కారు వాళ్లిద్దరినీ జీతం ఇస్తూనే రెండేళ్లు శిక్షణకి పంపింది. మిగతావాళ్లు పిల్లల్లా బెంచీల్లో కూర్చుంటే ఒకళ్లు టీచరులా నిలబడి ఉత్తుత్తి పాఠం చెప్పాలి అక్కడ, వెనక ప్రొఫెసరు మార్కులు వేసుకుంటూ ఉంటాడు. ఈమె వంతు వచ్చింది. సుద్దముక్క పట్టుకుని నిలబడింది, మాట రాలేదు, ప్రొఫెసరు గడియారం చూసుకున్నాడు. అప్పుడు వెనక బెంచీలోంచి ఈ మనిషి, ముప్పై దాటినవాడు, మీసాలున్నవాడు, చెయ్యెత్తి, "టీచర్! టీచర్! వీడు నన్ను గిల్లుతున్నాడు టీచర్!" అన్నాడు ఏడుపు గొంతుతో. క్లాసంతా పగలబడింది. ఆ నవ్వులోంచి ఆమె మాట ఊడిపడింది, నోర్మూసుకుని కూర్చో అని. ఆ తరవాత ఆగలేదు. ఎందుకు గుర్తొస్తుందిప్పుడు? గుర్తు రావడానికి వేరే వేళ లేనట్టు. గోడ చూడు, గోడ మీద చార చూడు, రాయివి నువ్వు.

కిటికీ రెక్క జరిగింది. వరండా చివర కౌంటరు కిటికీ, దాని వెనక కళ్లద్దాలాయన. పాపం చెడ్డవాడేం కాదు, అందరితోటీ ఒకే గొంతుతో మాట్లాడతాడు, ఆ గొంతులో కోపం ఉండదు, జాలి ఉండదు. సైన్సు మాస్టారి నంబరు పిలిచాడు. "ఇంకేముంది, కాగితాలు చూసి ముద్ర వేస్తారంతే, నాది కొత్త ఫైలు కదా, ఇన్నాళ్లూ తాత్కాలికమే, ముందు ముద్ర, తరవాతే కంఠం. నువ్వు రా అమ్మాయ్, మాట్లాడక్కర్లేదు, పక్కన నిలబడు, నాకు ధైర్యంగా ఉంటుంది." ఆమె లేచి వెళ్లింది. కిటికీ దగ్గర సిరా వాసన, ఎవరో తిన్న నారింజ తొనల వాసన. కళ్లద్దాలాయన ఒక్కో కాగితం తిప్పుతున్నాడు, డిగ్రీ, సరే, పోలీసు, సరే, శిక్షణ, సరే, సర్వీసు. అక్కడ వేలు ఆగింది. శిక్షణ కాగితం దగ్గరికి వెనక్కి వచ్చింది, మళ్లీ సర్వీసు దగ్గరికి వెళ్లింది. ఆ వేలి నడక ఆమె చూస్తూనే ఉంది. అది ఎక్కడ, ఎందుకు ఆగిందో మాస్టారికంటే ముందు ఆమెకి తెలిసింది.

"ఈ రెండేళ్లు," అన్నాడాయన వచ్చీరాని ఇంగ్లీషులో, "ఎక్కడ?"

"ట్రైనింగ్ కాలేజ్ సర్! ఫుల్ టైమ్!" మాస్టారు ఛాతీ విరిచాడు.

"ఇదే రెండేళ్లు. స్కూల్?"

"స్కూల్ ఆల్సో సర్!" మాస్టారు కిటికీలోంచి చెయ్యి దూర్చి సర్వీసు సర్టిఫికెట్ మీద వేలు పెట్టాడు. అక్కడ హెడ్మాస్టరు పెద్దక్షరాలతో, ఎటువంటి విరామమూ లేకుండా, అని రాసి కింద ఎర్రసిరాతో గీత గీశాడు. "నో బ్రేక్! చూడండి సర్, సింగిల్ బ్రేక్ లేదు. టోటల్ సర్వీస్, నో బ్రేక్!"

"వన్ మ్యాన్," అన్నాడు కళ్లద్దాలాయన, ఒక వేలు చూపించి. "టూ ప్లేస్." రెండు వేళ్లు చూపించాడు. "నో."

అక్కడి మనుషులకి బ్రేక్ అంటే ఎంత భయమో ఈ కిటికీకి ఎలా తెలుస్తుంది? బ్రేక్ పడితే పింఛను పోతుంది, ప్రమోషను పోతుంది, నిన్నగాక మొన్న చేరినవాడి కింద చేతులు కట్టుకోవాలి. ఒక్క రోజు జ్వరమొచ్చినా సెలవు చీటీ పంపడానికి పరుగులు పెట్టేవారు, సర్వీసు తెగకూడదని. సర్కారు జీతమిచ్చి శిక్షణకి పంపితే ఆ రెండేళ్లూ బడిలో ఉన్నట్టే లెక్క, అది చట్టం, అందులో అబద్ధం లేదు. పాపం ఆ హెడ్మాస్టరు మేలు చేద్దామనే రాశాడు. ఇంకాస్త మేలు చేద్దామని గీత గీశాడు. అందరికీ అలాగే రాశాడు. ఈమెకీ అలాగే రాశాడు. అదే చేత్తో, అదే సిరాతో. ఈమె ఫైలు పాత రూల్సు కింద ఏనాడో ఆమోదమైంది, అప్పుడెవరూ ఏళ్లు కలిపి చూడలేదు, ఇవాళ ఆ ఫైలు కళ్లద్దాలాయన వెనక బీరువాలో ఏదో ఒక అరలో నిద్రపోతోంది, ఆ రెండేళ్లూ కడుపులో పెట్టుకుని.

కళ్లద్దాలాయన ఇప్పుడు తన భాషలో మాట్లాడుతున్నాడు, మాస్టారితో కాదు, పక్కనున్న ఆమెతో, ఈమెకి వచ్చునని మొహం చూసి తెలుసుకున్నాడో ఏమో. "ఒకటి దొంగ కాగితం. శిక్షణదైనా అయ్యుండాలి, బడిదైనా అయ్యుండాలి. ఆయన్నే చెప్పమనండి ఏదో. సరైన వివరణ ఉంటే నేనే రాసుకుంటాను, నాకేం పగా? మీకు తెలుసా ఈ సంగతి?"

మీకు తెలుసా. తెలుసు. ఒక్క వాక్యం. జీతమిచ్చి పంపారు, అందుకని రెండూ నిజమే. ఆ దేశపు భాషలో ఆ వాక్యం ఆమె నోట్లో తయారైపోయింది, అడగకుండానే, కర్తా కర్మా క్రియా వరసగా నిలబడ్డాయి. దాని వెంటే ఆయన అడగబోయే ప్రశ్న కూడా తయారైంది. మీకెలా తెలుసు? అక్కడే ఉన్నాను కాబట్టి. ఒకే బ్యాచి కాబట్టి. ఓహో, అయితే మీ కాగితమూ ఇలాగే ఉందా, ఏదీ, మీ నంబరు చెప్పండి. బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడు ఆమెకి వినిపించింది. వివరణ బాగుంటే రాసుకుంటాడట. బాగోకపోతే? పైవాడు ఒప్పుకోకపోతే? ఒకరికి బదులు ఇద్దరు. పిల్ల జడ. కిటికీ దగ్గర నిలబడ్డ మొగుడు. గొంతు, గొంతు దాచుకోవాలి, డాక్టరమ్మ చెప్పింది, గుసగుస కూడా వద్దని చెప్పింది, ఇప్పుడు మాట్లాడితే లోపల గాలి తప్ప రాదని చెప్పింది, వైద్యం ప్రకారం మాట్లాడకూడదు. ఆమె మెడ మీద చెయ్యేసుకుంది. నిజంగానే గొంతు కోసమే అనుకుంది. అలా అనుకోవడం ఎంత సులువుగా వచ్చిందో చూసి తనే ఉలిక్కిపడింది.

"ఆమె మాట్లాడకూడదు సర్, థ్రోట్, థ్రోట్!" మాస్టారు తన మెడ పట్టుకుని చూపించాడు, ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు కూడా, ఆమెనెవరో కొట్టబోతున్నట్టు. ఆ తరవాత ఆయన మొహం వెలిగింది. జేబులోంచి పెన్ను తీశాడు. ఫైలు వెనక అట్ట చించాడు. "అమ్మాయ్, నా ఇంగ్లీషు వీడికెక్కట్లేదు గానీ, నీకు నోరెందుకు? రాసివ్వమ్మా. మనల్ని జీతమిచ్చి పంపారని రెండు ముక్కలు వాళ్ల భాషలో రాసిచ్చెయ్. దేవుడిలా దొరికావు ఇవాళ."

రాయడానికి గొంతు అక్కర్లేదు. డాక్టరమ్మ చెయ్యి కట్టెయ్యలేదు. పెన్ను చేతిలోకి వచ్చింది, అది మాస్టారి జేబులో ఉన్న వేడితోనే ఉంది. ఆమె వంగింది. కిటికీ గట్టు గరుగ్గా ఉంది, అట్ట మీద అక్షరాలు గెంతుతున్నాయి. రాసింది. ఆ దేశపు లిపి, గుండ్రంగా, తప్పుల్లేకుండా, ఆమె పిల్లలకి చూచిరాతకి ఇచ్చేటంత అందంగా రాసింది. ఈయన చాలా మంచి ఉపాధ్యాయుడు. ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది. దయచేసి సానుభూతితో పరిశీలించండి. అంతే రాసింది. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. మాస్టారు ఆమె భుజం మీదుగా ఆ రాత వంక, చదవడం రాని పిల్లవాడు బొమ్మల పుస్తకం చూసినట్టు మురిపెంగా చూశాడు. "మూడు లైన్లు! భేష్! ఇంతకంటే వివరం ఏం కావాలి?"

కళ్లద్దాలాయన చదివాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో మొదటిసారి ఏదో కదిలింది, కోపమూ కాదు, జాలీ కాదు, అర్థమైనవాడి చూపు. "మంచివాడు కాదని నేనన్నానా?" అన్నాడు తన భాషలో, నెమ్మదిగా, ఆమెకి మాత్రమే వినపడేలా. అట్టముక్క వెనక్కి తోశాడు. ఫైలు మీద ఒక ముద్ర వేశాడు, అది చిన్నదే, చప్పుడు కూడా పెద్దగా రాలేదు. ఇంగ్లీషులో మాస్టారితో, "సారీ. క్యాన్సిల్. అప్పీల్ ఉంది, ఇక్కడ కాదు, మీ దేశం వెళ్లాక." మాస్టారు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, నవ్వు మొహానికి కబురింకా అందలేదు. "ఏమంటాడమ్మా? ఏమంటాడు? క్యాన్సిలంటే ఏది క్యాన్సిలు?"

అప్పుడే అటు అద్దం తలుపు తెరుచుకుని ఆమె నంబరు పిలిచారు.

లోపల ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ వెండిరంగు జుట్టు, బల్ల మీద చేతులు. ఒక పుస్తకం ఇచ్చి చదవమన్నారు, నదుల మీద వంతెనలు ఎలా కడతారో ఉంది అందులో. ఆమె ఊపిరి తీసుకుంది. రాకూడదు అనుకుంది. అంతసేపూ ఏ గొంతుని దాచుకుందో అది రాకూడదని ఆ క్షణంలో మనస్ఫూర్తిగా కోరుకుంది. రాకపోతే ఏదో ఒకటి సరిపోతుంది, చెల్లు కాకపోయినా కాస్త చెల్లినట్టుంటుంది, ఇద్దరూ ఒకే విమానంలో పోవచ్చు. నోరు తెరిచింది. వచ్చింది. బొంగురు లేదు, జీర లేదు, పెళ్లికి ముందెప్పుడో పోయిందనుకున్న గొంతు, నూనె రాసిన తలుపులా తెరుచుకుంది. వంతెన స్తంభాలు నది అడుగున గట్టి రాయి తగిలేదాకా దింపాలి అని చదివింది, ఆ గది నాలుగు మూలలకీ తగిలింది ఆ మాట. బోర్డు దగ్గరికెళ్లి భిన్నాలు చెప్పింది. చెప్తుంటే ఒంటికి పాత అలవాటు ఎక్కింది, చెయ్యి తిరిగింది, కళ్లు వెనక బెంచీ వెతుక్కున్నాయి, అక్కడ ఖాళీ కుర్చీలున్నాయి. ఆవిడ తల ఊపింది. ఎంత స్పష్టమైన కంఠమో, మా వాళ్లకి కూడా లేదు ఇలాంటిది అని పక్కవాళ్లతో అంది. "ఎన్నేళ్ల సర్వీసమ్మా? మధ్యలో ఎక్కడైనా ఆగిందా?"

"లేదండీ," అంది ఆమె. "ఎక్కడా ఆగలేదు."

"నిలకడ గల మనిషి," అని ఆవిడ సంతకం పెట్టింది.

బయటికొచ్చేసరికి వరండా ఖాళీ అవుతోంది. మాస్టారు బెంచీ మీద ఉన్నాడు. ఒక పక్క షూ లేసు విప్పిన ఫైలు, ఇంకో పక్క ఆమె హ్యాండ్‌బ్యాగు. కిటికీ దగ్గర దాన్ని వదిలేసి పరిగెత్తినట్టు అప్పుడు తెలిసింది ఆమెకి. దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడాయన, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని. మొహానికి కబురు అందినట్టుంది, ఈ కాసేపట్లోనే ఆ మొహం వేరే మనిషిదైంది, కానీ ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. "ఏమైంది? పాసా? తల ఊపు చాలు." ఆమె ఊపింది. "హమ్మయ్య! అదీ! నేను చెప్పలా? ఒక్క ఇల్లైనా నిలబడింది. మా ఆవిడకి ముందు నీ సంగతి చెప్తాను, తరవాత నా సంగతి చెప్తాను, అప్పుడు కాస్త తక్కువ ఏడుస్తుంది." నవ్వబోయాడు, సగంలో మానేశాడు. "చూడమ్మా, నువ్వంత వివరంగా రాసిచ్చినా వాడి బుర్రకెక్కలేదు. రాత వేరు, మాట వేరు అనుకుంటా. వాడింకా కిటికీ వెయ్యలేదు. నీ పరీక్ష ఎలాగూ అయిపోయింది కదా... గొంతొస్తే... నోటితో ఒక్క ముక్క... నీకు ఇబ్బంది కాకపోతేనే సుమా."

వరండా చివర కళ్లద్దాలాయన కాగితాలు సర్దుకుంటున్నాడు. అంత దూరం నడవక్కర్లేదు కూడా, ఇక్కణ్ణుంచి పిలిస్తే వినిపించే గొంతు ఉందిప్పుడు ఆమెకి. డెబ్బై మందికి వినిపించే గొంతు. ఆయన తలెత్తాడు, చూశాడు, ఆగాడు, రెక్క మీద చెయ్యి ఆనించి అలాగే ఉన్నాడు.

ఆమె మెడ మీద చెయ్యేసుకుంది. తల అడ్డంగా ఊపింది.

"అయ్యయ్యో! లోపలే అంతా ఖర్చయిపోయిందా! వద్దు వద్దు, నాకు బుద్ధి లేదు, నిన్నడగడమేంటి, మళ్లీ ఏమైనా అయితే!" మాస్టారు కంగారుగా నీళ్ల సీసా మూత తిప్పి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన వెనక కిటికీ రెక్క జరిగి మూసుకుంది. "తాగమ్మా. మెల్లిగా. నెప్పి ఉంటే ఆపి ఆపి తాగు."

ఆమె తాగింది. నెప్పి లేదు. నీళ్లు చల్లగా, సుఖంగా దిగాయి.